ఉదయగిరి మెట్టలో "ఏముంది చూసేదానికి" అనేవాళ్ళకు

మీ ప్రశ్న చదివాను. సంక్రాంతికి ఉదయగిరి దగ్గర అమ్మమ్మగారి ఊరికి వస్తున్నారు. వెంట పదేళ్ళ పాప, ఏడేళ్ళ బాబు. వారం రోజులుంటారు. ఊరి చుట్టూ బీడు, రాళ్ళు, ముళ్ళకంప తప్ప ఏమీ లేవని, "ఆడేముంది చూసేదానికి, నెల్లూరు పోయి బీచి చూసుకోండి" అని ఇంట్లో అంటున్నారని రాశారు. నిజంగానే ఏమీ లేదా, ఉంటే ఏ వేళలో ఎక్కడికి పోవాలి, పిల్లలతో భయం లేకుండా ఎలా తిరగాలి అని అడిగారు.

ఈ మెట్ట మండలాల్లోనే హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా జీవశాస్త్రం చెప్పాను. నా ఆదివారాలు చాలా భాగం ఈ బీళ్ళలోనే గడిచాయి, పిల్లల్ని వెంటేసుకుని కొన్ని, ఒంటరిగా కొన్ని. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

చూసేదానికి చాలా ఉంది. మీవాళ్ళకు కనపడకపోవడానికి కారణం వాళ్ళు పోయే వేళ, నడిచే తీరు. టిఫిన్ తిని పదకొండు గంటలకు, నలుగురు కబుర్లు చెప్పుకుంటూ రెండు మూడు కిలోమీటర్లు నడిచొస్తే రాళ్ళే కనపడతాయి. తెల్లవారుజామున ఐదున్నరకు ఇల్లు కదిలి, అర కిలోమీటరు దూరాన్ని రెండు గంటలు నడవండి. అప్పుడు అదే బీడు వేరే చోటులా ఉంటుంది. ఇక్కడి జీవాలన్నీ నేల రంగులో ఉంటాయి. మీరు కదులుతుంటే అవి కదలవు. మీరు ఆగితే కదులుతాయి.

ముందు ఆ నేల సంగతి. మీ ఊళ్ళో ఏదన్నా మిద్దె ఎక్కి పడమరకు చూడండి. గోడ కట్టినట్టు ఉత్తర దక్షిణాలుగా సాగే ఆ కొండలు వెలిగొండలు, తూర్పు కనుమల్లో భాగం. అవతల కడప, ఇవతల మన మెట్ట. ఉదయగిరి దుర్గం ఎత్తు మూడు వేల అడుగుల పైమాటే. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోట గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. కోట కథలు చెప్పేవాళ్ళు మీ ఊళ్ళోనే దొరుకుతారు, నేను దాని కింది బీడు దగ్గరే ఆగుతాను.

కొండల రాయి వేరు, మెట్ట రాయి వేరు. కొండల్లోది ఎప్పుడో నీటి అడుగున ఇసుక, బురద పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడింది. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి. వాగుల్లో దొర్లివచ్చిన పలకల మీద ఒక్కోసారి, ఏటి ఒడ్డున ఇసుకలో పడే అలల గీతలు ఉన్నవి ఉన్నట్టే దొరుకుతాయి. దొరికితే పిల్లల చేత వేళ్ళతో తడిమించండి. కింద మెట్టలో ఉన్నది అంతకన్నా పాతది. ఎర్రమట్టి మధ్య తెల్లటి పలుగురాళ్ళు, వాటి పక్కన ఎండకు తళుక్కుమనే రేకులు కనపడతాయి. పిల్లలు కాకిబంగారం అంటారే, ఆ అభ్రకం. గోరుతో గీకితే పొర మీద పొర లేస్తుంది. గూడూరు, సైదాపురం వైపు ఒకప్పుడు దీనికోసమే గనులు తవ్వారు.

ఈ రాతి మీద మట్టి చాలాచోట్ల జానెడు లోతు కూడా ఉండదు. పడ్డ నీళ్ళు పడ్డట్టే వాగుల్లోకి జారిపోతాయి. అందుకే ఇక్కడ ఏపుగా పెరిగే చెట్టు తక్కువ. బోదగడ్డి, కలివి, బలుసు, రేగు, తంగేడు, వాగు వారన ఈత, గట్ల మీద తాడి, రాతి నెర్రెల్లో బొంతజెముడు. కొంత భాగం మనుషులు నరికి పాడుచేసిన అడవే, కాదనను. కానీ మొత్తం అంతే అనుకోకండి. గడ్డీ ముళ్ళపొదా మధ్యమధ్య బోడినేల, ఇవి మూడూ కలిసి ఉండే చోటే కావాలనే జీవాలు ఉన్నాయి. వాటిని దట్టమైన అడవిలోకి తోలితే బతకవు. రెవెన్యూ కాయితాల్లో దీన్ని బంజరు అనో, గయాలు అనో, అనాధీనం అనో రాస్తారు. ఆ మాటలు విని విని మనకీ ఇది ఖాళీ జాగాలాగే కనపడుతోంది. "బతికుంటే బలుసాకు తినవచ్చు" అన్నారు పెద్దలు. కరువుల్లో మన ముత్తాతల ప్రాణాలు నిలబెట్టిన ఆ బలుసు ఈ బీటిదే. మీ అమ్మమ్మగారిని అడగండి, బలుసాకు చూపించగలరు.

సంక్రాంతికి రావడం మంచిదైంది. మన వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల్లోనే పడుతుంది. కాబట్టి జనవరికి కుంటల్లో నీళ్ళుంటాయి, గడ్డి పండుబారి మోకాలెత్తున నిలబడి ఉంటుంది, ఉత్తరపు దేశాల నుంచి వలస వచ్చిన పిట్టలు ఇంకా ఇక్కడే ఉంటాయి. తెల్లవారి మంచు పడ్డ గడ్డిలో, సూర్యుడు మొలిచే వేళకు తూర్పు ముఖం పెట్టి కూర్చోండి. ఒక్కసారిగా వందల సాలెగూళ్ళు వెలుగుతాయి. రోజూ ఉండేవే. మంచుబొట్లు లేకపోతే మనకు కనపడవు, అంతే. మా స్కూలు పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఒక్క గజం జాగా కొలిచి గూళ్ళు లెక్కపెట్టమనేవాణ్ణి. అల్లరివాళ్ళు కూడా అరగంట నోరెత్తేవాళ్ళు కాదు.

కాస్త పొద్దెక్కాక గడ్డి మీదుగా, మనిషెత్తులో, రెక్కలు కొంచెం పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ ఒరుగుతూ తేలుతూ పోయే పక్షి కనపడితే అది పిల్లిగద్ద. మగది లేత బూడిద రంగు, ఆడది గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. మధ్య ఆసియా గడ్డి మైదానాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరి చలికాలానికి మన దేశం వస్తుంది. ఇక్కడ దాని తిండి ముఖ్యంగా మిడతలు, చిన్న పిట్టలు, ఎలుకలు. రాత్రికి చెట్టెక్కదు, గడ్డిలో నేల మీదే పడుకుంటుంది. జొన్న చేల మీద గుంపులు గుంపులుగా వాలే గులాబి ఒంటి నల్లతల పలిసపిట్టలు కూడా ఈ కాలం చుట్టాలే. కరెంటు తీగల మీద పాలపిట్ట, బర్రె వీపు మీద ఏట్రింత ఎలాగూ కనపడతాయి, వాటికి నా సాయం అక్కర్లేదు.

ఇక పిల్లలకు నచ్చేది ఒకటి చెప్తాను. బండిబాటలో దుమ్ము మెత్తగా ఉన్నచోట తెల్లవారుజామునే చూస్తే రాత్రి జరిగిందంతా ముద్రపడి ఉంటుంది. కుందేలు ముందుకాళ్ళ గుర్తులు ఒకదాని వెనక ఒకటి, వాటికి ముందుగా వెనకకాళ్ళవి పక్కపక్కన. నెమలి మూడు వేళ్ళు. పాము జారిన గీత. ఉడుము పోతే మధ్యలో తోక ఈడ్చిన జాడ, రెండు పక్కలా గోళ్ళు. వీటి పక్కనే, బాట మధ్యలోనో రాయి మీదో, నక్క పెంట కనపడుతుంది. చీదరించుకోకుండా పుల్లతో విడదీసి చూడండి. ఈ కాలంలో అయితే దాన్నిండా రేగు గింజలే ఉంటాయి. నక్క మాంసమే తింటుందనుకుంటాం గానీ రేగుపండ్ల కాలంలో పొదల కింద రాలినవి తిని, ఆ గింజల్ని మైళ్ళ దూరం మోసుకుపోయి నాటేది అదే. భోగినాడు మీ బాబుకు భోగిపళ్ళు పోస్తారుగా, మర్నాడు తెల్లవారి ఈ గింజలు చూపించి, ఆ పండ్లే నక్క కూడా తిన్నదని చెప్పండి. ఒకసారి మా ఎనిమిదో తరగతి పిల్లవాడు అట్లాంటి గింజలు ఇరవై ఏరి స్కూలు వెనక నాటాడు. కొన్ని మొలిచాయి. వాటిలో ఒకటి ఇప్పుడు నా తలకన్నా ఎత్తున్న చెట్టు.

ఊరికి దగ్గరలో, రోడ్డుకు దూరంగా ఉండే ఒక కుంట ఎంచుకోండి. వారంలో కనీసం మూడు రోజులు ఆ ఒక్కచోటికే పోండి. రోజుకొక కొత్త చోటు తిరగడం కన్నా ఇది మేలని నా నమ్మకం. కుంటకు ముప్పై నలభై అడుగుల దూరంలో పొద వారన కూర్చోండి, ముదురు రంగు బట్టలు కట్టుకోండి. మొదటి పావుగంట ఏమీ ఉండదు. తర్వాత కౌజులు పొదలోంచి తలలు బయటపెడతాయి, పసిరిక పిట్టలు గట్టు మట్టిలో స్నానం చేస్తాయి, ముంగిస ఒకటి నీళ్ళ వారన వాసన చూసుకుంటూ పోతుంది. ఎనిమిది, తొమ్మిది మధ్య ఆకాశంలో గరగరమని ఒక గొంతు వినపడి, పావురం అంతటి పక్షులు గుంపుగా దిగుతాయి. పోలంకలు. ఇవి గింజలు తిని బతుకుతాయి కనుక రోజూ నీళ్ళు తాగక తప్పదు. పిల్లల కాలంలో పోలంక పోతు నీళ్ళలో పొట్ట ముంచి, ఈకల్లో నీళ్ళు నింపుకుని ఎగిరిపోతుంది. ఎక్కడో బీటిలో ఉన్న పిల్లలు ఆ ఈకలు చప్పరించి దాహం తీర్చుకుంటాయి. ఆ ఈకల అల్లికే నీళ్ళు పట్టి ఉంచేలా ఉంటుంది.

పది దాటితే గొర్రెల మందలు కుంటకు వస్తాయి, పిట్టలు లేచిపోతాయి. విసుక్కోకండి, ఆ మంద కూడా ఈ నేలదే. నెల్లూరు జాతి గొర్రె దేశంలోకెల్లా ఎత్తయిన జాతి. పూర్తి తెల్లదాన్ని పల్లా అని, తెల్లటి ఒంటి మీద మూతి చుట్టూ కళ్ళ చుట్టూ నల్లమచ్చలున్నదాన్ని జోడిపి అని, ఎర్రదాన్ని దొర అని అంటారు. కాపరి పెద్దాయనకు ఒక బీడీ ఇవ్వడం కన్నా పక్కన కూర్చుని ఒక ప్రశ్న అడగడం ఎక్కువ పనిచేస్తుంది. "పెద్దాయనా, నక్క బొరియ ఎక్కడుంది, ఈ ఏడు తోడేలు పడిందా?" అని అడగండి. నేను పుస్తకాల్లో చదువుకున్నదానికన్నా ఇట్లా అడిగి నేర్చుకున్నదే ఎక్కువ.

అడగడం అంటే గుర్తొచ్చింది. 1840లలో నెల్లూరులో సర్కారు డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డన్ అనే తెల్లాయన మన పక్షుల సంగతులు చాలా భాగం ఇక్కడి మనుషుల దగ్గరే నేర్చుకున్నాడు. యానాదులు, వేటగాళ్ళు చెప్పిన తెలుగు పేర్లు ఓపిగ్గా రాసుకున్నాడు. 1848లో ఆయన వల్ల లోకానికి తెలిసిన పక్షే కలివికోడి. జానెడు మీద కాస్త పొడవుండే పరుగుపిట్ట, రాత్రిపూట తిరుగుతుంది. కలివి పొదల మధ్య బోడినేల దానికి కావాలి, అందుకే ఆ పేరు. 1900 తర్వాత ఎవరికీ కనపడకపోయేసరికి లోకం అది అంతరించిందనే అనుకుంది. 1986 జనవరిలో వెలిగొండలకు అవతల, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నప్పుడు ఐతన్న అనే స్థానికుడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకొచ్చాడు. ఎనభై ఆరేళ్ళు శాస్త్రవేత్తలకు దొరకనిది, ఆ బీళ్ళలో రాత్రుళ్ళు తిరిగే మనిషికి దొరికింది. ఆ తర్వాతే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

దాన్ని వెతుక్కుంటూ పోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. ఫోన్లో దాని కూత పెట్టి పిలవడం అసలే వద్దు. ప్రపంచంలో మిగిలినవే అతి తక్కువ. కలివి పొద మాత్రం పిల్లలకు చూపించండి. ఎదురెదురుగా జంట ముళ్ళు, తుంచితే పాలు, కాలం వస్తే మల్లెల్లాంటి తెల్లపూలు, ఆ తర్వాత నల్లటి తియ్యటి పండ్లు.

ఒకసారి ఎండల్లో కూడా రండి. పిల్లలకు కష్టం, మీరొక్కరే వచ్చినా సరే. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో గుడ్లు పెట్టే పిట్ట ఉంది. చితవ. తీతువుకు చెల్లెలు లాంటిది, కళ్ళ ముందు ఎర్రతోలు బదులు పసుపు తోలు వేలాడుతుంది. ఒక ఏప్రిల్ నెల ఉదయం తొమ్మిదింటికి పలుగురాళ్ళ దిబ్బ ఒకటి దాటుతున్నాను. ఎదురుగా ఒక చితవ గోలగోలగా అరుస్తూ పదడుగులు పరిగెత్తి, ఆగి, రెక్క వేలాడేసి కుంటుతోంది. గాయపడిందేమో అని దానివైపు రెండడుగులు వేశాను. మనసులో ఏదో తట్టి ఆగి కాలి కింద చూసుకున్నాను. నా కుడి చెప్పుకు బెత్తెడు దూరంలో నాలుగు గుడ్లు. గూడు లేదు. నేలలో చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు. మట్టిరంగు మీద నల్లటి చుక్కలు. నాలుగింటి మొనలూ లోపలికి తిరిగి పువ్వు రేకుల్లా అమరి ఉన్నాయి. తల తిప్పి మళ్ళీ చూస్తే ఎక్కడున్నాయో కనపడలేదు. రెండోసారి వెతుక్కోవాల్సి వచ్చింది.

వెనక్కి వెనక్కి నడిచి, దూరంగా వేపచెట్టు కింద కూర్చుని మధ్యాహ్నం దాకా చూశాను. ఎండ ముదిరేకొద్దీ ఆ తల్లి గుడ్ల మీద కూర్చోలేదు, నిలబడింది. రెక్కలు కొంచెం విప్పి తన నీడ వాటి మీద పడేట్టు నిలబడింది. నోరు తెరుచుకుని రొప్పుతూనే ఉంది. గంటకోసారి జంటలో రెండోది వచ్చి కావలి మార్చుకునేది. ఒకసారి వచ్చినదాని పొట్ట ఈకలు తడిసి ముద్దగా ఉన్నాయి. ఎక్కడో చెలమలో పొట్ట తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంది. రాయి మీద చెయ్యి పెడితే కాలే వేళ అది. మనం గుడ్లు పొదగడమంటే వెచ్చబెట్టడమే అనుకుంటాం. ఈ మెట్టలో పొదగడమంటే చల్లబరచడం. పాఠం చెప్పేటప్పుడు ఆ రోజు సంగతి చెప్పకుండా ఏ ఏడూ వదల్లేదు.

ఎండలు తగ్గి జూన్లో మొదటి వాన పడ్డ తెల్లారి ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తేలుతాయి. ముఖమల్ గుడ్డలో కత్తిరించినట్టుండే ఎర్రటి పురుగులు, పెద్దవాళ్ళకు వీటితో ఒక బాల్యం ఉంటుంది, నేను చెప్పేదేమీ లేదు. ఆ సాయంత్రమే పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి, ఆకాశంలో ఉన్న పిట్టలన్నీ అక్కడే.

రాత్రి సంగతి. పిల్లల్ని బీట్లోకి తీసుకుపోవద్దు, కారణం కింద చెప్తాను. ఇంటి మిద్దె మీద పడుకోబెట్టండి, చాలు. ఏడున్నర, ఎనిమిది వేళ గోళీని గచ్చు మీద వదిలితే టక్... టక్... టక్ టక్ టకటకమని ఆగిపోయినట్టు ఒక చప్పుడు వినపడుతుంది. అది నైట్‌జార్ పక్షి. రాత్రి స్కూటరు వెలుగులో రోడ్డు మధ్యన ఎర్రగా మెరిసే కళ్ళు కూడా దానివే, కాస్త వేగం తగ్గించి పోండి. దూరంగా ఒక నక్క ఊళ పెడితే నాలుగు దిక్కులా అందుకుంటాయి. పాత క్వారీ గోడలోనో, వాగు కోసిన గట్టులోనో కొండ గుడ్లగూబ జంట ఉండొచ్చు. గూట్లో పిల్లలున్న కాలంలో దగ్గరకు పోకండి. ఆ గోడ కింద పగటిపూట బూడిద రంగు ఉండలు దొరుకుతాయి. గుడ్లగూబ ఎలుకను మింగి, అరగని బొచ్చు, ఎముకలు ఉండచుట్టి కక్కేస్తుంది. వేణ్ణీళ్ళలో నానేసి విప్పితే పుర్రె, దవడ, పక్కటెముకలు విడివిడిగా వస్తాయి. మా క్లాసులో ఒక్క ఉండలో రెండు ఎలుకల పుర్రెలు దొరికాక, గుడ్లగూబ అరిస్తే చావు తప్పదని నమ్మే ఒక పిల్లవాడి నాన్న, తన శనగ చేను గట్టు మీద అది వాలడానికని ఒక కర్ర నాటాడు. ఆ కర్ర చూసిన రోజు నాకు జీతం పెరిగినంత సంతోషమైంది.

ఇక ప్రమాదాలు. అందరూ పామంటే భయపడతారు, న్యాయమే. రక్తపింజర, కట్లపాము, నాగుపాము, రంపం కోసినట్టు ఒళ్ళు రాపాడించుకుని చప్పుడు చేసే చిన్న పింజర, నాలుగూ ఇక్కడ ఉన్నాయి. బూట్లు వేసుకోండి, చూడకుండా రాయి ఎత్తకండి, పొదలో చెయ్యి పెట్టకండి, కర్రతో నేల తడుతూ నడవండి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు మందు, ఏవీ వద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి సూటిగా ఆసుపత్రికి. ఆ నాలుగు పాముల విషానికీ పనిచేసే మందు ఒకటే. దాన్ని ఎంత త్వరగా ఎక్కిస్తే అంత మంచిది.

నా అనుభవంలో పాముకన్నా ఎక్కువ భయపడాల్సినవి రెండు. ఒకటి, గట్టు కట్టని నేలబావులు. గడ్డి మూసేసి ఉంటుంది, అంచు దాకా వెళ్ళేదాకా తెలియదు. పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకండి. రెండు, అడవిపందుల కోసం చేల చుట్టూ రాత్రిపూట లాగే కరెంటు తీగలు. చట్టవిరుద్ధమే అయినా లాగుతున్నారు, పందుల కోసం లాగిన తీగకు మనుషులు పోయిన సంగతులు మన పల్లెల్లో విన్నవే. రాత్రి పిల్లల్ని బీట్లోకి తీసుకుపోవద్దన్నది అందుకే, చీకట్లో చేల గట్ల మీద నడవొద్దు. తెల్లారి కూడా వెలుతురు బాగా వచ్చాకే చేలు దాటండి, అంతదాకా బండిబాటలోనే ఉండండి. ఇవి కాక తుమ్మముల్లు, పల్చటి చెప్పు అయితే అడుగు దాటి పాదంలో దిగుతుంది. ఒక చిన్న పట్టుకారు జేబులో వేసుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, జనవరి అయినా సరే.

కొండ దిగువన రిజర్వు ఫారెస్టు మొదలవుతుంది. అక్కడికి పోవాలంటే ముందుగా రేంజి ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది, అది ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. దొంగల కోసం కాపలా ఉండే సిబ్బందికి తెల్లారుజామున సంచులతో తిరిగే కొత్తమనిషిని చూస్తే అనుమానం రావడం సహజం. పోయినా, తెచ్చుకోవడానికి ఏమీ ముట్టుకోకండి, రాలిన ఏదుపంది ముల్లుతో సహా. గురుతుగా ఏదన్నా కావాలంటే ఉదయగిరిలో నార్ది కర్రతో చెక్కే చెంచాలు కొనుక్కోండి, చేతిపని చాలా బాగుంటుంది.

ఒక బాధ కూడా చెప్పాలి, మీరు వచ్చి చూసేటప్పుడు తెలుస్తుంది కాబట్టి. నేను చెప్పిన గడ్డినేల ఏటేటా తగ్గుతోంది. సర్కారు తుమ్మ, మనవాళ్ళు చిల్లచెట్టు అంటారు, అమెరికా ఖండం నుంచి వచ్చినది, గొర్రెలూ మేకలూ కాయలు తిని పెంటలో గింజలు చల్లుతాయి. అది కమ్ముకున్న చోట గడ్డి చస్తుంది, బోడినేల ఉండదు, చితవకు చోటు లేదు. దాని బొగ్గుతో చాలా బీద ఇళ్ళు గడుస్తున్నాయి కాబట్టి కొట్టిపారెయ్యమని తేలిగ్గా అనలేను. కొట్టినచోట మోడు వేరుతో సహా తీసి గడ్డిని రానివ్వాలని మాత్రం అంటాను. ఇంకోటి గ్రావెల్. నేను చితవ గుడ్లు చూసిన దిబ్బ ఇప్పుడు లేదు. ఒక రోడ్డు పని కోసం రెండు వారాల్లో తవ్వి తీసుకుపోయారు. బంజరే కదా అన్నారు. దాని పక్క గట్టులో పసిరిక పిట్టల బొరియలు ఇరవై దాకా ఉండేవి, నేను లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకున్నాను. తవ్వకానికి ముందు ఆ నోటుబుక్కు పట్టుకుని పోయి అడిగాను, గుడ్ల కాలం దాటేదాకా, జూలై దాకా ఆగమని. ఆగలేదు.

అందుకే మీ పిల్లల చేత ఒక నోటుబుక్కు పెట్టించండి. పక్షుల పేర్లు తెలియకపోయినా పర్వాలేదు. తేదీ, వేళ, చోటు, ఏం చూశారో బొమ్మ, చాలు. చోటు రాయాలంటే చోటుకు పేరుండాలి. మీ అమ్మమ్మగారి ఊరి చుట్టూ ప్రతి కుంటకూ, ప్రతి వాగుకూ, ప్రతి దిబ్బకూ ఒక పేరుంది, ఏ మ్యాపులోనూ అది దొరకదు. వచ్చిన మొదటి సాయంత్రం ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ఆ పేర్లన్నీ అడిగి పాప చేత రాయించండి. మర్నాడు తెల్లవారి, వాటిలో నీళ్ళున్నదని ఆమె చెప్పిన కుంటకు పోండి.